ఏలూరు రోడ్డులో కొన్న నాలుగు పుర్రెలు, ఒక పటం

విజయవాడ ఏలూరు రోడ్డులో ప్రయోగశాల సామగ్రి అమ్మే ఒక దుకాణంలో, మా పాఠశాల సైన్స్ క్లబ్ కోసం మానవ పరిణామాన్ని చూపే నమూనాల పెట్టెను గత నెలలో 4,200 రూపాయలకు కొన్నాను. అందులో రెజిన్‌తో చేసిన నాలుగు పుర్రెలు, గోడకు తగిలించే పటం ఒకటి ఉన్నాయి.

పుర్రెల పనితనం బాగుంది. లక్షల ఏళ్ల కిందటి మానవ సదృశ జాతి ఆస్ట్రలోపితికస్ అఫరెన్సిస్ పుర్రెను తిరగేస్తే వెన్నుపాము బయటికి వచ్చే రంధ్రం సరిగ్గా అడుగున కనిపిస్తుంది. చింపాంజీకైతే అది వెనక్కి ఉంటుంది. మెదడు చిన్నదే అయినా ఈ జీవి రెండు కాళ్ల మీద నడిచిందని నేను వివరించే లోపే, ఒక అమ్మాయి ఆ రంధ్రంలో చూపుడు వేలు పెట్టి పుర్రెను నిలబెట్టి, "తల మెడ మీద కూర్చుంది సార్" అంది. అయితే అట్ట మీద "లూసీ పుర్రె" అని రాయడం సరికాదు. 1974లో ఇథియోపియాలోని హదార్‌లో బయటపడిన, ఇదే జాతికి చెందిన, సుమారు 32 లక్షల ఏళ్ల నాటి లూసీ అస్థిపంజరంలో తలకు సంబంధించి కింది దవడ, కొన్ని పుర్రె ముక్కలు తప్ప దొరకలేదు. అంతరించిన మానవ జాతి నియాండర్తాల్ పుర్రెలో కనుబొమల గట్టు, వెనక కొప్పులా పొడుచుకొచ్చిన ఎముక, చుబుకం లేని దవడ స్పష్టంగా ఉన్నాయి. మరో ప్రాచీన మానవ జాతి హోమో ఎరెక్టస్ పుర్రె గురించి చెప్పవలసిందల్లా పన్నొకటి ఊడి వచ్చిందనే.

పటం మాత్రం దండగ. చింపాంజీ మొదలుకొని నియాండర్తాల్ మీదుగా మన దాకా, రేషన్ దుకాణం ముందు క్యూలా ఒకరి వెనక ఒకరిని నిలబెట్టారు. చింపాంజీ మనకు తాత కాదు, దాయాది. ఇద్దరి ఉమ్మడి పూర్వీకుడు సుమారు 60, 70 లక్షల ఏళ్ల కిందటివాడు. నియాండర్తాల్‌లు మరీ దగ్గరి దాయాదులు. 5 లక్షల ఏళ్లకు పైబడిన కాలంలో మన శాఖ నుంచి విడిపోయి, సుమారు 40 వేల ఏళ్ల క్రితం అంతరించేలోగా వారు మనతో వియ్యం కూడా అందుకున్నారు. జన్యు శాస్త్రవేత్త స్వాంటె పాబో బృందం 2010లో వారి జన్యుక్రమాన్ని చదివి ఈ సంగతి తేల్చింది. ఆఫ్రికా వెలుపలి మూలాలున్న వారి డీఎన్ఏలో 1 నుంచి 2 శాతం దాకా నియాండర్తాల్ వాటా ఉంది, అంటే పటం గీసినవారిలోనూ ఉండే ఉంటుంది. అదే ఏడాది సైబీరియా గుహలోని వేలి ఎముక ద్వారా తెలిసిన, అంతరించిన మరో మానవ శాఖ డెనిసోవన్‌లకు ఈ పటంలో చోటే లేదు. 1982లో నర్మదా తీరాన హథ్నోరాలో అరుణ్ సోనకియా కనుగొన్న పురాతన పుర్రె భాగం ఊసూ లేదు.

ఈ మాటే దుకాణదారుకు చెబితే, "అందరూ ఇదే పట్టుకెళ్తున్నారండీ మాస్టారూ" అన్నారు. పటాన్ని వాపసు తీసుకోలేదు, పుర్రెలను విడిగా అమ్మరట. కొనదలచినవారు పెట్టెను అక్కడే విప్పించి, పళ్లు లెక్కపెట్టుకొని తీసుకోవాలి.