నెలసరి ముందు కుంగుబాటు: మాత్ర నెలంతానా, 14 రోజులేనా?

కావలైనా ఒంగోలైనా, మొదట రోగి చేత గోడ క్యాలెండర్ మీద రెండు నెలసరుల పాటు కోపానికీ దిగులుకీ రోజూ 1 నుంచి 6 దాకా మార్కులు వేయించండి. నెలసరి మొదలైన కొద్ది రోజుల్లో బాధ పోతుంటే పీఎండీడీ (నెలసరి ముందు వచ్చే తీవ్రమైన కుంగుబాటు, చికాకు) అనుకోవచ్చు. నెలంతా ఉంటే డిప్రెషన్ కోసం చూడాలి.

డిప్రెషన్‌కి వాడే సెర్ట్రలిన్ మాత్ర 50 మి.గ్రా. సగం నెల ఇస్తే, నెలసరికి 14 రోజుల ముందు మొదలుపెట్టి, రక్తస్రావం కనబడగానే ఆపాలి. డిప్రెషన్‌లోలా వారాలు ఆగక్కర్లేదు, కొన్ని రోజుల్లోనే పనిచేస్తుంది. ఖర్చూ సగమే. తేదీలు తప్పేవాళ్లకి మాత్రం ఎప్పుడు మొదలెట్టాలో తెలియదు. వాళ్లకీ, డిప్రెషన్ కూడా ఉన్నవాళ్లకీ రోజూ మాత్రే మేలు. అది హఠాత్తుగా మానేస్తే తల తిరుగుతుంది, చికాకు పెరుగుతుంది. తేదీలు సరిగ్గా ఉంటే మా మొగ్గు సగం నెలకే.

ఏ పద్ధతైనా, చనిపోవాలనిపిస్తోందా అని మొదటి రోజే అడగండి, తోడొచ్చిన అత్తగారిని బయట కూర్చోబెట్టి.