రవీంద్రభారతి: ఏ సీటు, ఏ వేళ

హైదరాబాదులో కూచిపూడి అన్నా, పద్యనాటకం అన్నా, పుస్తకావిష్కరణ అన్నా ముందు తట్టే పేరు రవీంద్రభారతి. టాగోర్ శతజయంతికి దేశంలో పలుచోట్ల రంగశాలలు కట్టారు, ఇది అందులో ఒకటి. నమూనా గీసింది మహమ్మద్ ఫయాజుద్దీన్. 1961 మేలో సర్వేపల్లి రాధాకృష్ణన్ ప్రారంభించారు. బెంగళూరులోని రవీంద్ర కళాక్షేత్రం (1963) కూడా ఈ కోవలోదే.

చాలా కార్యక్రమాలకు టికెట్ ఉండదు, సీటు నంబరూ ఉండదు. ముందు వరుసలు అతిథులకు వదిలేస్తారు. నాట్యం చూడ్డానికి వెళ్తే అవి దొరికినా వద్దు. వేదిక ఎత్తు వల్ల పాదాలు సరిగా కనబడవు. కూచిపూడిలో ఇత్తడి పళ్లెం అంచు మీద నిలబడి ఆడే తరంగంలో కాళ్ల పనితనం చూడాలంటే హాలు మధ్యలో, కాస్త వెనక్కి కూర్చోవాలి. పద్యనాటకానికి మాత్రం ముందుకే జరగండి, ముఖం కనబడకపోతే రాయబారం రేడియో నాటకమే.

నాటకం వేసేవాళ్లను దెబ్బతీసేది మైకు. పద్యం ఎత్తుకునేటప్పుడు నటుడు మైకు ముందే ఉంటాడు, రాగం సాగదీస్తూ పక్కకు నడిచాడంటే చివరి పాదం గాల్లో కలిసిపోతుంది. సౌండు పెంచితే మానిటర్ స్పీకర్ (నటులకు వినబడేలా వేదిక మీద పెట్టేది) మోత తిరిగి మైకులో పడి కీచుమంటుంది. కాలర్ మైకులు లేకుంటే వేదిక అంచున మూడు మైకులు పెట్టించి, నడకలు వాటి దగ్గరే ఆగేలా రిహార్సల్లోనే కుదుర్చుకోవాలి. హార్మోనియం సౌండు పద్యం కంటే తక్కువగా ఉంచాలి. ఇది ఆపరేటరుకు ముందే చెప్పకపోతే ఆ రోజు శ్రుతి తప్ప సాహిత్యం వినబడదు.

ఆహ్వానపత్రంలో 5.30 అని ఉంటే జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, ప్రసంగాలు అయ్యేసరికి ఏడు దాటొచ్చు. నాట్యం కోసమే వచ్చేవాళ్లకు ఆరున్నర చాలు. పుస్తకావిష్కరణకు మాత్రం వేళకే రావాలి, పుస్తకం చదివొచ్చి మాట్లాడేది సాధారణంగా మొదటి ఇద్దరే!

పక్కనే 1913 నాటి అసెంబ్లీ భవనం, పబ్లిక్ గార్డెన్స్, అందులోనే పురావస్తు మ్యూజియం. చీకటి పడితే నౌబత్ పహాడ్ మీద బిర్లా మందిరం వెలుగుతుంది. అసెంబ్లీ సమావేశాల రోజుల్లో ఆ రోడ్డు మీదికి కారు తేకండి. అసెంబ్లీ స్టేషన్‌లోనో లక్డీకాపూల్‌లోనో మెట్రో దిగి నడవడమే నయం.

ఈ ఆవరణలోనే పైడి జైరాజ్ ప్రివ్యూ థియేటర్ కూడా ఉంది. కరీంనగర్‌లో పుట్టి హిందీ తెర మీద వెలిగి, 1980 ఫాల్కే పురస్కారం అందుకున్న నటుడి పేరు పెట్టారు. 'సినివారం' పేరుతో శనివారాలు కొత్త దర్శకుల లఘుచిత్రాలు వేసింది ఇక్కడే. చిన్న హాలు కాబట్టి అరగంట ముందు వెళ్తేనే కుర్చీ దొరుకుతుంది.