పెంటెల్ పాకెట్ బ్రష్ పెన్: రిసెప్షన్ బల్ల దగ్గర పనికొస్తుందా?

బెంగళూరులో వైట్‌ఫీల్డ్, మారతహళ్ళి వైపు తెలుగువాళ్ల పెళ్లి రిసెప్షన్లలో ఈమధ్య గంధం, పన్నీరు పెట్టే బల్ల పక్కనే క్యారికేచర్ (మొహాన్ని సరదాగా పెంచి గీసే బొమ్మ) బల్ల కూడా పడుతోంది. గంట లెక్కన మాట్లాడుకునే పని ఇది. నలుపు తెలుపులో మనిషికి 5 నిమిషాలు అనుకుంటే గంటకి 12 మొహాలు రావాలి. కుర్చీలో కూర్చోవడం, చీర సర్దుకోవడం, సెల్ఫీ దిగడం పోను తొమ్మిదో పదో తేలతాయి. పెన్సిల్‌తో వేసి, ఇంకు పెట్టి, రబ్బరుతో తుడిచే తీరిక ఎవరికీ ఉండదు. పెట్టిన గీతే చివరి గీత. స్టూడియోలో నిదానంగా వేసుకునేవాళ్లు ఈ పెన్నుని ఎప్పటినుంచో మెచ్చుకుంటున్నారు. వరసలో పది మంది నిలబడి చూస్తుంటే ఇది ఎలా నడుస్తుందన్నదే ఇక్కడి ప్రశ్న.

ముందు వస్తువు సంగతి. పేరుకి పెన్నే గానీ ఇది నిజంగా కుంచె. మొనలో స్పాంజి గానీ, స్కెచ్ పెన్నుల్లో ఉండే ఫెల్ట్ గానీ లేదు, సన్నటి నైలాన్ పోగులు విడివిడిగా ఉంటాయి. వెనక ఎఫ్‌పీ10 అనే కార్ట్‌రిడ్జ్ (ఇంకు గొట్టం) పడుతుంది. ఇంకు పిగ్మెంట్ (నీళ్లలో కరగని రంగు పొడి) రకం, ఆరాక నీళ్లు పడ్డా చెదరదు. ఈ ఒక్క పెన్ను డబ్బుతో కామ్లిన్ బ్రష్ పెన్నుల పెట్టె వచ్చేస్తుంది, కాబట్టి మొదటిసారి కొనేవాళ్లకి చెయ్యి వెనకాడటం సహజమే. కామ్లిన్‌ది ఫెల్ట్ మొన, నీళ్లలో కరిగే రంగు. సాధనకి బంగారంలా ఉంటుంది. పెళ్లిలో మాత్రం ఆ బొమ్మ పట్టుకున్న చేతికి తడి ఉంటే చాలు, బుగ్గ మీదికి మీసం కారుతుంది.

గీత విషయంలో దీనికి వంక పెట్టలేం. పెన్ను నిలువుగా పట్టి మొన ఆనీ ఆనకుండా లాగితే కనురెప్ప వెంట్రుకంత గీత వస్తుంది. అదే ఊపులో పక్కకి వాల్చి నొక్కితే చిటికెన వేలి గోరంత వెడల్పు పడుతుంది. దవడ కింద మొదలుపెట్టి గడ్డం దగ్గర లావు చేసి చెవి దగ్గర సన్నగా వదిలేస్తే, నీడ వెయ్యకుండానే మొహానికి బరువొస్తుంది. ఒకే మందంతో గీసే జెల్ పెన్నుతో ఆ పని చెయ్యాలంటే అదే గీత మీద నాలుగుసార్లు తిరగాలి. బట్టతల పెద్దాయన వచ్చి "కాస్త కప్పెయ్యి బాబూ" అన్నప్పుడు కూడా ఒక్క వంపు చాలు, మెరుపు దానంతటదే తెలుస్తుంది. అన్నట్టు, అమ్మాయిల్లో కనీసం ఒకరు "నన్ను బాపు బొమ్మలా వెయ్యండి" అని అడుగుతారు. క్యారికేచర్ అంటే ఉన్నదాన్ని పెంచి చూపించడమని అప్పుడు వివరించబోతే వరస ఆగిపోతుంది. కళ్లు కొంచెం పెద్దవి చేసి జడ పొడుగ్గా లాగండి, సంతోషిస్తారు.

మల్లెపూల దగ్గర మాత్రం ఈ పెన్ను పరీక్ష పెడుతుంది. తలలో దండని తెల్లగా వదిలి చుట్టూ జుట్టు నింపాలి. మొన మెత్తన కాబట్టి చెయ్యి ఏమాత్రం తొందరపడినా నలుపు పువ్వులోకి జారుతుంది. ముందు పువ్వుల అంచులు మొనతో చుక్కల్లా పెట్టుకుని, తర్వాత అక్కణ్ణుంచి బయటికి నింపుకుంటూ రావాలి. తప్పిపోతే యూనిబాల్ సిగ్నో తెల్ల జెల్ పెన్ను ఆదుకుంటుంది, కానీ నలుపు పూర్తిగా ఆరాకే. తడి మీద పెడితే తెలుపు బూడిద రంగవుతుంది, పైగా జెల్ పెన్ను మొన కూడా పూడిపోతుంది.

అసలు గొడవంతా ఈ ఆరడం దగ్గరే వస్తుంది. పూత లేని కాగితం మీద మామూలు గీత పది పదిహేను సెకన్లలో ఆరుతుంది. దట్టంగా నింపిన జుట్టుకి నిమిషం, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పడుతుంది. ఈవెంట్ వాళ్లు ముచ్చటపడి వధూవరుల పేర్లతో అచ్చు వేయించి ఇచ్చేది మాత్రం ఎక్కువసార్లు నున్నటి ఆర్ట్ కార్డ్. దాని మీద సుద్దలాంటి పూత ఉంటుంది, ఇంకు లోపలికి దిగదు. పైన గుంటకట్టి నిలబడుతుంది, ఐదు నిమిషాలైనా వేలికి అంటుతుంది. ఆరాక కూడా గోటితో గీకితే పొడిలా లేస్తుంది. మ్యాట్ లామినేషన్ చేసిన కార్డయితే మరీ అన్యాయం. తప్పు పెన్నుది అనుకుని తిట్టుకునేవాళ్లే ఎక్కువ, నిజానికి తప్పు కాగితానిది. పని ఒప్పుకునే రోజే చెప్పెయ్యండి: పేర్లు అచ్చు వెయ్యాల్సింది పూత లేని మ్యాప్‌లిథో కాగితం మీదో, 150 జీఎస్ఎమ్ (చదరపు మీటరు కాగితం బరువు గ్రాముల్లో) దగ్గరి కార్ట్‌రిడ్జ్ పేపర్ అనే డ్రాయింగ్ కాగితం మీదో. బెంగళూరు అవెన్యూ రోడ్డులో కాగితం అమ్మేవాళ్లని ఇదే మాటతో అడిగితే చాలు. నాలుగు షీట్లు ముందే తెప్పించుకుని ఒక నల్లటి చదరం నింపి, నిమిషం ఆగి, బొటనవేలితో రుద్ది చూడండి. లేజర్ ప్రింటర్‌లో వేసిన లోగో అయితే దాని మీదుగా గీత పోనివ్వకండి. టోనర్ (ఆ ప్రింటర్ వాడే పొడి) ఇంకుని పట్టుకోదు, గీత ముక్కలుగా తెగుతుంది.

ఆరే వేళని లెక్కలో పెట్టుకుని గీసే వరస మార్చుకోవాలి. ముక్కు, కళ్లు, నోరు, మొహం చుట్టు, మెడ, బట్టలు అయ్యాక చివర్న జుట్టు. కుడిచేతివాళ్లు ఎడమనుంచి కుడికి నింపుకోవాలి. ఎడమచేతివాళ్లు కుడినుంచి ఎడమకి నింపుకోవాలి. మణికట్టు కింద వేరే కాగితం ముక్క పెట్టుకుని వేసేవాళ్లున్నారు గానీ ఐదు నిమిషాల పందెంలో అదో అదనపు చాకిరీ. అయిపోయిన బొమ్మని వెంటనే ప్లాస్టిక్ కవరులో దూర్చకండి, జుట్టు మొత్తం కవరుకి అచ్చవుతుంది. బల్ల వెనక ఒక పురికొస కట్టి, చెక్క క్లిప్పులతో వేలాడదీసి, ఆ తర్వాతి మనిషి బొమ్మ అయ్యాక ముందుదాన్ని ఇవ్వడం మంచి పద్ధతి. చూసేవాళ్లకి అదో ప్రదర్శనలా కూడా ఉంటుంది, కొత్తవాళ్లు వరసలోకొస్తారు.

పెన్ను మొరాయించే సందర్భాలు మూడు. ఒకటి, వరసగా ఒత్తు జుట్టువాళ్లు నలుగురు వస్తే పోగుల్లోని ఇంకు అయిపోతుంది. కార్ట్‌రిడ్జ్ నుంచి కొత్తది దిగేలోపు గీత పొడిపొడిగా పడుతుంది. విదిలించకండి, మూతలో చుక్కలు పడి తర్వాత వేళ్లన్నీ నల్లబడతాయి. మొన కిందికి ఉండేలా కాసేపు పట్టుకుంటే దిగుతుంది. అందుకే ఒకటి వాడుతుండగా ఇంకోటి సిద్ధంగా ఉండేలా రెండు పెన్నులు పెట్టుకోవాలి. రెండు, ఏసీ గాలి సూటిగా తగిలేచోట మూత తీసి ఉంచితే మొన మీద ఇంకు గడ్డకడుతుంది. మనిషి లేచి ఇంకో మనిషి కూర్చునేలోపు మూత పెట్టడం అలవాటు చేసుకోవాలి. మూడోది అందరికీ జరిగేదే: హడావుడిగా మూత పెట్టేటప్పుడు ఒక పోగు అంచులో ఇరుక్కుని వంగిపోతుంది. ఇక ప్రతి గీత పక్కనా ఓ పిల్లగీత పడుతూనే ఉంటుంది. దాన్ని పీకితే పక్క పోగులు కూడా వదులవుతాయి. గోళ్లు కత్తిరించుకునే కట్టర్‌తో ఆ పోగుని మొదలు దగ్గర తుంచెయ్యండి.

రీఫిల్ ఖరీదు చూసి ఖాళీ కార్ట్‌రిడ్జ్‌లో సిరంజితో ఇంకు నింపుకునేవాళ్లు చాలామంది. చెయ్యొచ్చు, కాకపోతే షెల్లాక్ (లక్క) కలిసిన డ్రాయింగ్ ఇంకు పొయ్యొద్దు, పోగుల మొదట్లో లక్కలా బిగుసుకుని పెన్ను చస్తుంది. ఫౌంటెన్ పెన్నుల కోసం చేసిన ప్లాటినం కార్బన్ లాంటి పిగ్మెంట్ ఇంకే వాడాలి. హైదరాబాదు, విజయవాడ పనులకి విమానంలో వెళ్లేవాళ్లు కార్ట్‌రిడ్జ్ సగం ఖాళీగా ఉంచకండి. లోపలి గాలి వ్యాకోచించి ఇంకుని మూతలోకి తోస్తుంది. నిండుది వేసి, మొన పైకి ఉండేలా పెట్టుకోండి.

రంగులు కూడా అడిగే పనుల్లో ఆల్కహాల్ మార్కర్లు (స్పిరిట్ ఇంకు రంగు పెన్నులు) తోడు కావాలి. మొహానికి ఎనిమిది నిమిషాలు చెప్పుకోవాలి, ఎందుకంటే నలుపు బాగా ఆరకుండా మార్కర్ తగిలితే చెంప మీద మసి పూసినట్టవుతుంది, మార్కర్ మొన కూడా పాడవుతుంది. కింద ఇంకో అట్ట తప్పనిసరి, రంగు వెనక్కి దిగి బల్లగుడ్డని పాడు చేస్తుంది. ఐప్యాడ్ మీద వేసి అక్కడికక్కడే ప్రింటు తీసిచ్చేవాళ్లకి ఈ బాధలేవీ లేవు. వాళ్ల బాధలు వేరు, ముందు ప్లగ్ పాయింట్ వెతుక్కోవాలి.

ఇప్పుడే ఈ పనిలోకి వస్తున్నవాళ్లు మొదట పెంటెల్‌దే సైన్ పెన్ టచ్ కొనుక్కోవడం మేలు. ఫైబర్ మొన, కొంచెం వంగుతుంది, చెయ్యి వణికినా కాపాడుతుంది. చిన్నపిల్లల మొహాలకి పాకెట్ బ్రష్ కన్నా అదే నయం, వాళ్లు కదలకుండా కూర్చోరు, సన్నగీతలు చాలు. నీళ్లకి మాత్రం ఆగదు. దాంతో ఓ వంద మొహాలు వేశాక పాకెట్ బ్రష్ పట్టుకుంటే డబ్బు వృథా అనిపించదు. కొన్న రోజే పనికి తీసుకెళ్లొద్దు. కార్ట్‌రిడ్జ్ గట్టిగా నొక్కి దించి, బారెల్ (పెన్ను వెనక గొట్టం) బిగించి, మొన కిందికి పెట్టి కాసేపు వదిలెయ్యండి. పోగులు మొదలంటా నల్లబడ్డాక, పాత న్యూస్‌పేపరు మీద ఓ పావుగంట ఉత్త మీసాలే వెయ్యండి.