సీతమ్మధారలో ఫ్లాట్ అమ్మకం: ఏజెంటు చేతిలో పెట్టే ముందు జాగ్రత్త

విశాఖలో ఇల్లు అమ్మదలచినవారికీ, కొనదలచినవారికీ ఈ హెచ్చరిక. సీతమ్మధారలో మా అమ్మగారి పేరున ఉన్న పాత ఫ్లాట్‌ను అమ్మిపెట్టమని ఒక ఏజెంటుకు అప్పగించాం. వ్యవహారం లాయరు దగ్గర ఉన్నందున అతని పేరు రాయడం లేదు.

అతను మొదటి నుంచీ కొనేవారిని మాతో కలవనివ్వలేదు. ‘పార్టీ పెద్దవాళ్లండీ, బేరం నేను చూసుకుంటాను’ అంటూ, బిల్డింగు పాతదనీ, కారు పార్కింగు ఇరుకనీ చెప్పి, 58 లక్షలకు మించి రాదని అమ్మగారిని ఒప్పించి, టోకెన్ అడ్వాన్సుగా 50 వేలు తెచ్చి ఇచ్చాడు. అగ్రిమెంటు రాయించుకోవడానికి డాక్యుమెంటు రైటరు దగ్గర కూర్చున్నప్పుడు, కొనేవారి భార్య సంచిలోంచి ఒక రశీదు తీసి బల్ల మీద పెట్టారు. అందులో ధర 63 లక్షలు, ముట్టిన టోకెన్ 2 లక్షలు అని ఉంది. కింద ఏజెంటు సంతకం. ఆవిడా మా అమ్మగారూ ఆ కాగితాన్ని మార్చి మార్చి చదువుకున్నారు. ఇద్దరి దగ్గరా కమీషన్ మాట్లాడుకున్నది చాలక, మధ్యలో 5 లక్షలు మిగుల్చుకోవాలని అతని ఎత్తు.

పైగా ఆ 5 లక్షలూ రిజిస్ట్రేషన్ రోజున ఓనరుకు నగదుగా ఇవ్వాలని వాళ్లకు చెప్పాడట. స్థిరాస్తి అమ్మకంలో 20 వేలు, ఆపైన నగదు తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం నిషేధించింది. తీసుకున్నవారిపై అంతే మొత్తం జరిమానా పడవచ్చు. మాకు రూపాయి అందకపోయినా, రేపు ఆ లెక్కకు జవాబు చెప్పుకోవలసింది మా అమ్మగారే అయ్యేది. నాకు అన్నిటికన్నా బాధ కలిగించింది ఇదే.

రెరాలో (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థలో) ఫిర్యాదు చేయమని చాలామంది సలహా ఇచ్చారు. అయితే 2016 నాటి రెరా చట్టం ప్రకారం ఏజెంట్ల నమోదు నిబంధన రెరాలో రిజిస్టరైన ప్రాజెక్టుల అమ్మకాలకు సంబంధించినది. మాలాంటి పాత అపార్ట్‌మెంట్ చేతులు మారేటప్పుడు ఏజెంటుతో రాసుకున్న కాగితమే ఆధారం. అందుచేత కమీషన్ ఎంత శాతమో, ఎప్పుడు ఇవ్వాలో, ధర ఇరుపక్షాలకూ ఒకటేనన్న మాటతో సహా ముందే రాయించుకోండి. టోకెన్‌ను కూడా కొనేవారి ఖాతా నుంచి నేరుగా ఓనరు ఖాతాకే వేయించండి. ఎదుటి పార్టీని కలవనివ్వని ఏజెంటుతో బేరం కొనసాగించవద్దని నా గట్టి అభిప్రాయం.

ఒరిజినల్ లింకు డాక్యుమెంట్లు (ఆస్తి ఇంతకుముందు ఎవరెవరి చేతులు మారిందో చూపే పాత దస్తావేజులు) ఎవరికీ ఇవ్వకండి. చూపించడానికి జెరాక్సు చాలు. ఈసీని (ఆస్తిపై నమోదైన అమ్మకాలు, తాకట్లు చూపే ధ్రువపత్రాన్ని) రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లోనే తీసుకోవచ్చు. ‘పార్టీ బ్యాంకు లోనుకు అడుగుతోంది’ అని అతను పట్టుకెళ్లిన మా లింకు డాక్యుమెంటు ఇంకా తిరిగి రాలేదు. దాని కోసమే ఇప్పుడు నోటీసు పంపించాం.