చెరువు ఒడ్డుకు గోడా, ఏటవాలా? ఏది మేలు?

వరంగల్‌లోని భద్రకాళి చెరువును 2024 నవంబరులో పూడికతీత కోసం ఖాళీ చేశారు. పూడిక తీశాక ఏ ఊరి చెరువుకైనా మిగిలేది ఒడ్డు సంగతే. జనం నీళ్ల దాకా నడవాలి, పిట్టలూ బతకాలి. అందుకు నిలువు కాంక్రీటు గోడ మేలా, ఏటవాలు ఒడ్డు మేలా?

కట్టను ఈ లెక్కలోకి తేవద్దు. 2023 జూలై వానలకు భద్రకాళి కట్టకు గండి పడింది, గుర్తుందిగా. అలలు తగిలే లోపలి వైపు రాతి రివిట్‌మెంట్ (మట్టి కోసుకుపోకుండా పేర్చే రాళ్ల పరుపు) ఉండాల్సిందే, రాళ్ల కింద ఇసుక, కంకర పొరతో సహా. ఆ పొర లేకుంటే నీళ్లు దిగినప్పుడల్లా మట్టి సందుల్లోంచి జారిపోయి రాళ్లు కుంగుతాయి. కట్ట మీద రావి, మర్రి నాటొద్దు. చెట్టు చచ్చాక వేరు కుళ్లిన చోట నీరు దారి చేసుకుని బుంగ పడుతుంది.

మిగతా ఒడ్లలో గోడకు ఒకటే పెద్ద లాభం: జాగా తక్కువ పడుతుంది. కానీ తూము ఎత్తి నీళ్లు త్వరగా దించితే, వెనక నానిన మట్టి గోడను ముందుకు నెడుతుంది. నీరు కారే రంధ్రాలు పూడుకుపోతే గోడ ఒరుగుతుంది. గోడ కింద లోతే తప్ప జానెడు నీళ్లుండవు, కొంగకు నిలబడే చోటు దొరకదు. తాబేలు ఎక్కలేదు, జారిపడ్డ పిల్లవాడూ ఎక్కలేడు. గోడ తప్పనిసరైతే మధ్యమధ్య మెట్లు పెట్టండి.

ఏటవాలుకు ఒక మీటరు దిగడానికి కనీసం అయిదు మీటర్ల జాగా కావాలి. పైన గడ్డి, మోకాలి లోతులో తుంగ, ఇంకాస్త లోపల జమ్ము. జమ్మును వదిలేస్తే చెరువంతా కమ్ముతుంది. ఎండాకాలంలో నీటిమట్టానికి కిందికి కోస్తే, మొదళ్లలోకి నీరెక్కి గాలి అందక దుంప చస్తుంది. మొత్తం కోయకుండా మూడో వంతు వదలాలి, వానాకాలంలో ముట్టుకోవద్దు. నీటికోళ్లు గూళ్లు పెట్టే కాలం అది. నడకబాట స్తంభాల మీద, మత్తడి దుంకినప్పటి నీటిమట్టానికి పైన ఉండాలి. జమ్ము గుంపు దగ్గరకు దారి ఒక్క వైపే చాలు, అవతలి ఒడ్డు పిట్టలదే.

ఎనిమిది మీటర్ల జాగా ఉన్న ప్రతిచోటా ఏటవాలే మేలు. ఇళ్లు ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పటి నీటి హద్దు) దాకా వచ్చేసిన చోటే గోడ. ఏది కట్టినా మురుగునాలాను ముందే మళ్లించాలి, లేకుంటే గుర్రపుడెక్క రెండు వారాల్లో రెట్టింపవుతుంది.