నల్లగొండలో కొన్న ఎస్ఎస్‌డీ: పాత లినక్స్ డెస్క్‌టాప్‌కు అమర్చిన తీరు

నల్లగొండ గడియారం సెంటరుకు దగ్గరలో ఉన్న ఒక కంప్యూటర్ దుకాణంలో 480 జీబీ సాటా ఎస్ఎస్‌డీ (హార్డ్ డిస్క్ తీరుగానే కేబుల్‌తో తగిలించే, తిరిగే భాగాలు లేని నిల్వ డ్రైవ్) కొని, అక్కడే బిగింపించుకున్నాను. కొన్న వస్తువు మీద నాకు ఫిర్యాదు లేదు. అయితే దుకాణం నుంచి ఇంటికి తెచ్చిన రోజున కంప్యూటర్ లోపల ఎస్ఎస్‌డీ ఉన్నదే గాని, కంప్యూటర్ మాత్రం దాని మీద నడవడం లేదు. ఆ సంగతి తెలుసుకోవడానికి నాకు రెండు రోజులు పట్టింది. నాలాగే విండోస్‌కు బదులు లినక్స్ వాడుతూ, సికింద్రాబాద్‌లో కంప్యూటర్ దుకాణాలుండే చెనాయ్ ట్రేడ్ సెంటర్ దాకా నూరు కిలోమీటర్లు పోవడం ఎందుకని ఊళ్లోనే పని చేయించుకోవాలనుకునే వారికి ఈ అనుభవం పనికివస్తుంది.

నాది నాలుగో తరం ఐ3 ప్రాసెసర్, హెచ్81 మదర్‌బోర్డు, నిమిషానికి 7200 చుట్లు తిరిగే 1 టీబీ హార్డ్ డిస్క్ ఉన్న డెస్క్‌టాప్. దాని మీద లినక్స్ మింట్ 21 నడుస్తున్నది. బడి ప్రశ్నపత్రాలు, మార్కుల పట్టికలు, కొంత తెలుగు టైపింగ్, అంతకు మించిన పని దానికి లేదు. అయినా స్విచ్ వేసినప్పటి నుంచి డెస్క్‌టాప్ కనిపించేదాకా 1 నిమిషం 50 సెకన్లు పట్టేది. కారణం ప్రాసెసర్ కాదు. హార్డ్ డిస్క్ పళ్లెం ఒక చుట్టు తిరగడానికి 8 మిల్లీసెకన్లకు పైగా పడుతుంది. కావలసిన చోటు దాన్ని చదివే తల కిందికి రావడానికి సగటున అందులో సగం సమయం ఆగాలి, తల జరగడానికి పట్టే సమయం దానికి అదనం. బూట్ అయ్యేటప్పుడు, అంటే కంప్యూటర్ లేచేటప్పుడు, చదవవలసినవి వేలకొద్దీ చిన్న ఫైళ్లు కాబట్టి ఈ ఆగడాలన్నీ కూడి నిమిషాలవుతాయి. ఎస్ఎస్‌డీలో తిరిగేదీ జరిగేదీ ఏదీ లేదు గనుక కావలసిన ఒక్కో చోటును అందుకునే పని మిల్లీసెకనులో సుమారు పదో వంతులో అయిపోతుంది.

సాటా కన్నా వేగమైన ఎన్‌వీఎంఈ రకం కొనమని ఒక మిత్రుడు సలహా ఇచ్చాడు గాని, ఇంత పాత బోర్డులో దానికి తగిన స్లాటూ లేదు, దాని నుంచి బూట్ చేసే ఏర్పాటూ లేదు. అందుకే సాటా రకమే తీసుకున్నాను. ఎస్ఎస్‌డీకి 3,200, బిగింపుకు 300 రూపాయలు అయ్యాయి. కంపెనీ పేరు రాయడం లేదు. నేను కొన్నప్పుడు ఈ ధరలో దొరికినవి చాలావరకు డీర్యామ్ (డ్రైవ్ తన సొంత లెక్కలు ఉంచుకునే చిన్న మెమరీ) లేని ఒకే కోవకు చెందినవి. మూడేళ్ల వారంటీ, 120 టీబీ రాత పరిమితి పెట్టె మీద ఉన్నాయి. రోజుకు 20 జీబీ రాసినా ఆ పరిమితి చేరడానికి పదహారేళ్లు పడుతుంది. నా వాడకం అందులో సగం కూడా లేదు. 480 జీబీ అని కొన్నది తెర మీద 447 అని కనిపిస్తే దుకాణదారుడిని అనుమానించవద్దు, అది లెక్కించే పద్ధతిలో ఉన్న తేడా మాత్రమే.

బిగించిన తమ్ముడు మర్యాదస్తుడు, చేయి శుభ్రమైన పనివాడు. మొదట "విండోస్ ఎక్కిస్తా సార్, అన్నీ ఉర్కుతయి" అన్నాడు గాని, వద్దంటే పట్టుబట్టలేదు. పాత క్యాబినెట్‌లో రెండున్నర అంగుళాల డ్రైవ్‌కు చోటు లేకపోతే ఇనుప బ్రాకెట్ వెతికి తెచ్చి మరలు బిగించాడు. నా హార్డ్ డిస్క్‌లో రూట్ (లినక్స్ వ్యవస్థ ఫైళ్లు) 60 జీబీ విభజనలో, హోమ్ (నా సొంత ఫైళ్లు, సెట్టింగులు) మిగిలిన దానిలో ఉండేవి. అతడు క్లోనింగ్ (అచ్చు నకలు తీయడం) ద్వారా రూట్ విభజనను యథాతథంగా ఎస్ఎస్‌డీ మీదికి దింపి, బూట్ చేసి చూపించి పంపించాడు.

ఇంట్లో చూస్తే బూట్ సమయం 1 నిమిషం 46 సెకన్లు. నాలుగు సెకన్ల కోసం మూడున్నర వేలు పోశానా అనిపించింది. రెండో రోజు టెర్మినల్ తెరిచి, ఏ విభజన ఏ డ్రైవ్ మీద ఉన్నదో చూపే ఎల్ఎస్‌బీఎల్‌కే ఆదేశం ఇస్తే అసలు విషయం బయటపడింది: రూట్ ఇంకా పాత హార్డ్ డిస్క్ నుంచే మౌంట్ అవుతున్నది, అంటే వాడకంలోకి వస్తున్నది. క్లోనింగ్ చేసినప్పుడు విభజన యూయూఐడీ (దాని గుర్తింపు సంఖ్య) కూడా అక్షరం పొల్లుపోకుండా నకలవుతుంది. లినక్స్‌ను లేపే గ్రబ్, ఏ విభజనను ఎక్కడ మౌంట్ చేయాలో చెప్పే ఎఫ్ఎస్‌ట్యాబ్ ఫైలు రెండూ విభజనను గుర్తించేది ఆ యూయూఐడీతోనే. ఒకే పేరు, ఒకే ఇంటిపేరు ఉన్న ఇద్దరు పిల్లలు ఒకే తరగతిలో ఉంటే హాజరు పిలిచినప్పుడు ఎవరు పలుకుతారో చెప్పలేం. ఇక్కడ పాతవాడే పలికాడు.

దిద్దుబాటు కష్టమైనది కాదు. లైవ్ యూఎస్‌బీతో (పెన్‌డ్రైవ్ నుంచే నడిచే లినక్స్‌తో) బూట్ చేసి, ముందుగా పాత రూట్ విభజనలో లోపాలు లేవని ఎఫ్ఎస్‌సీకే ఆదేశంతో సరిచూసి, ట్యూన్2ఎఫ్ఎస్ ఆదేశంతో దాని యూయూఐడీని మార్చాను. కొత్తదాని యూయూఐడీని ముట్టుకోలేదు. అందువల్ల గ్రబ్‌లో గాని ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో గాని రూట్ కోసం ఒక్క అక్షరం మార్చవలసిన అవసరం రాలేదు. అయితే కంప్యూటర్ లేవడానికి మొదట చదివే ఈఎఫ్ఐ విభజన ఇంకా హార్డ్ డిస్క్ మీదే ఉన్నది, అంటే ఆ డిస్క్ చెడిపోయిన రోజున ఎస్ఎస్‌డీ బాగున్నా కంప్యూటర్ లేవదు. ఎస్ఎస్‌డీ చివర 512 ఎంబీ ఈఎఫ్ఐ విభజన చేసి, దానిలోకి గ్రబ్ మళ్లీ ఇన్‌స్టాల్ చేసి, ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో ఆ ఒక్క వరుసను మార్చి, మధ్యలో ఖాళీగా మిగిలిన చోటునంతా రూట్‌కు కలిపాను. బూట్ సమయం 31 సెకన్లకు దిగింది.

ఫైర్‌ఫాక్స్ మాత్రం మునుపటి లాగానే నత్తనడక నడిచింది. దాని ప్రొఫైల్, క్యాష్, ఇతర ప్రోగ్రాముల సెట్టింగులు అన్నీ ఉండేది హోమ్‌లో. హోమ్ ఉన్నది హార్డ్ డిస్క్ మీద. రూట్ ఎస్ఎస్‌డీ మీద, హోమ్ హార్డ్ డిస్క్ మీద ఉంచమని చెప్పే సలహా 60, 120 జీబీ డ్రైవ్‌ల కాలం నాటిదని నా అభిప్రాయం. ఇప్పుడు హోమ్‌ను కూడా ఎస్ఎస్‌డీ మీదికి తెచ్చి, ఫొటోలు, వీడియోలు, పాత ప్రశ్నపత్రాల వంటి బరువైన ఫోల్డర్లను మాత్రమే హార్డ్ డిస్క్‌లో ఉంచాను. ఫైర్‌ఫాక్స్ మూడు సెకన్లలో తెరుచుకుంటున్నది, లిబ్రెఆఫీస్ నాలుగు సెకన్లలో. బూట్ 22 సెకన్లకు చేరింది.

ఇంకొక చిన్న లోపం కర్నల్ (లినక్స్ మూల ప్రోగ్రాం) సందేశాలను డీమెసేజ్ ఆదేశంతో చదువుతున్నప్పుడు కనిపించింది: ఎస్ఎస్‌డీ లింకు 3 జీబీపీఎస్ (సెకనుకు గిగాబిట్లు) వద్ద ఉన్నది. హెచ్81 చిప్‌సెట్‌లో నాలుగు సాటా పోర్టులుంటే అందులో రెండే 6 జీబీపీఎస్ వేగం గలవి. తమ్ముడు చేతికందిన పోర్టులో కేబుల్ పెట్టాడు. మార్చిన తర్వాత వరుసగా చదివే వేగం సెకనుకు 265 ఎంబీ నుంచి 520కి పెరిగింది. నిజం చెప్పాలంటే రోజువారీ వాడకంలో ఆ తేడా నాకు తెలియలేదు. కేబుల్ మార్చడానికి క్యాబినెట్ మూత తెరవడానికే భయపడేవారు దాన్ని అలాగే వదిలేసినా నష్టం లేదు.

చెరిపేసిన ఫైళ్ల చోటు ఖాళీ అయిందని ఎస్ఎస్‌డీకి తెలిపే ట్రిమ్ కోసం నేను ఏమీ చేయలేదు. మింట్‌లో వారానికొకసారి అది దానంతటదే జరుగుతుంది. మౌంట్ ఆప్షన్లలో నోఏటైమ్ (ఫైలు చదివిన సమయాన్ని రాయకుండా ఆపేది) చేర్చాలని పాత సలహాలు చెబుతాయి గాని, 2009 నుంచి కర్నల్ సొంతంగా, ఆ రాతలను బాగా తగ్గించే రిలేటైమ్ పాటిస్తున్నది కాబట్టి దాని జోలికి పోలేదు. ఈ ఎస్ఎస్‌డీ బలహీనత ఒక్కటే నాకు కనిపించింది: బడి వార్షికోత్సవం వీడియోలు 30 జీబీ ఒకేసారి కాపీ చేసినప్పుడు మొదట పరుగెత్తి, తర్వాత హార్డ్ డిస్క్ కన్నా నెమ్మదించింది. వీడియోలతోనే పని ఉన్నవారు ఇంకొంత డబ్బు పెట్టి పెద్ద కాపీల్లోనూ రాత వేగం నిలబెట్టుకునేది చూసుకోవాలి.

దుకాణానికి మళ్లీ వెళ్లి జరిగినదంతా చెప్పాను. తమ్ముడు వాదించలేదు. బిగింపు డబ్బు 300 తిరిగి ఇవ్వబోతే వద్దన్నాను. బ్రాకెట్ బిగించిన తీరుకే అది చెల్లుతుంది. విభజనకు కొత్త యూయూఐడీ ఇచ్చే ఆదేశాన్ని బిల్లు పుస్తకం వెనుక అట్ట మీద తెలుగు అక్షరాల్లో రాసుకుని, ఇంకెవరైనా లినక్స్ వారొస్తే ముందు ఎల్ఎస్‌బీఎల్‌కే చూపించి పంపిస్తానన్నాడు.