బ్యాకప్ లైన్ ఉన్న పిక్సెల్ స్ట్రిప్: డాబా మీద చాలాకాలం వాడాక

డాబా మీద లైట్ డిస్‌ప్లే పెట్టేవాళ్లు ఎన్ని పిక్సెళ్లు, ఎంత వెలుగు అనే అడుగుతారు. నన్నడిగితే ముందు తేల్చుకోవాల్సింది, ఒక్కో లైటులో ఉండే చిప్‌లలో ఒకటి పోతే మిగతావాటి గతేంటని. డబ్ల్యూఎస్2815 అనే 12 వోల్టుల లైట్ స్ట్రిప్ మీద నాకింత ఇష్టం అందుకే. మామూలు రకాల్లో డేటా ఒక చిప్ నుంచి ఇంకో చిప్‌కి చేతులు మారుతూ పోతుంది, మధ్యలో ఒకటి పోయిందా, అక్కణ్ణుంచి చివరిదాకా చీకటే. దీంట్లో ప్రతి చిప్‌కీ రెండో డేటా లైన్ ఉంటుంది, పక్కది పోతే దాన్ని దాటేసి అంతకుముందు దాని నుంచి అందుకుంటుంది. నాకు అక్కడక్కడా చిప్‌లు పోయాయి, కింద నుంచి చూసినవాళ్లెవరికీ తెలియలేదు. మీటరుకి 30 లైట్లుండే స్ట్రిప్‌ని పాలరంగు గొట్టాల్లో నిలువుగా పెట్టి, పదేసి లైట్లను ఒకే గడిగా వెలిగిస్తాను, అందులో ఒకటి తగ్గితే ఎవరికి కనబడుతుంది!

గడులు పెద్దవి, తక్కువ, అయినా బొమ్మ కదిలితే చాలు. నిలబడ్డ మనిషి ఉత్త మచ్చలా ఉంటాడు, నడిపిస్తే దూరం నుంచి కూడా మనిషేనని తెలిసిపోతుంది. 2001లో బెర్లిన్‌లో ప్రాజెక్ట్ బ్లింకెన్‌లైట్స్ వాళ్లు ఒక భవనంలోని 144 కిటికీల మీదే పాంగ్ అనే పాత బంతాట వీడియో గేమ్ ఆడించారు, అదీ ఒకే రంగుతో.

ఇక అసలు గొడవ. గట్టి వాన పడిన రాత్రి డిస్‌ప్లేలో కుడివైపు సగం ఒక్కసారిగా ఆరిపోయింది. బ్యాకప్ ఉండగా ఇదెలా సాధ్యమని చాలాసేపు అర్థం కాలేదు. సప్లై బానే ఉంది, డేటా పంపే కంట్రోలర్ బానే ఉంది. పొద్దున్నే, ఒక వరస చివర్నుంచి తీగలు తర్వాతి వరసలోకి మలుపు తిరిగే చోట, కింది కనెక్టర్ విప్పి చూస్తే పిన్నుల చుట్టూ పచ్చగా చిలుము. గొట్టంలోకి దిగిన నీళ్లన్నీ అక్కడే చేరాయి. 12 వోల్టుల పిన్ను పక్కనే డేటా పిన్ను, తడి ఆ రెంటినీ కలిపేసింది. ఆ డేటా తీగే మొదటి చిప్‌కి అసలు లైను, రెండోదానికి బ్యాకప్ లైను. దాంతో పక్కపక్క చిప్‌లు రెండూ పోయాయి, ఈ స్ట్రిప్ తట్టుకోలేనిది సరిగ్గా అదే.

కాబట్టి పైన మెచ్చుకున్నదంతా విడిగా ఒక చిప్ చచ్చినప్పటి మాట, జాయింటు చెడితే కాదు. ఇప్పుడు కనెక్టర్లన్నీ తీసేసి తీగలు టంకం వేశాను, లోపల జిగురుండే, వేడి చేస్తే బిగుసుకునే హీట్ ష్రింక్ తొడుగు ఎక్కించాను, గొట్టాల అడుగున నీళ్లు పోయేలా చిల్లులు పెట్టాను. ఆ తర్వాతి వానలకి ఏ వరసా ఆరలేదు.

మాది చదును డాబా, మెట్లెక్కితే చేతికి అందుతుంది, అందుకే నేనైతే మళ్లీ ఇదే కొంటాను. ఎక్కడానికి వీల్లేని కప్పు అయితే మాత్రం బ్యాకప్‌ని నమ్ముకోకుండా ఒక్కో వరసకీ విడిగా డేటా తీగ లాగడమే మేలేమో. పని పెరుగుతుంది, తీగ మరీ పొడుగైతే సిగ్నల్ పాడవుతుంది కనుక కంట్రోలర్ని కూడా పైనే పెట్టాలి. కానీ జాయింటు పోతే ఆ ఒక్క వరసే పోతుంది.